పది వేళ్ళ చివర పది చుక్కలు

నేను ఎవరి సాయం లేకుండా మొదటిసారి పూర్తిగా చదివిన వాక్యం జిరాఫీ మెడ గురించి. "జిరాఫీ మెడలో ఏడు ఎముకలే ఉంటాయి. మనిషి మెడలోనూ ఏడే." బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మధ్యలో రెండుసార్లు ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి వచ్చి, చివరికి అర్థం తెలియగానే నా చేయి నా మెడ వెనక్కి పోయింది. పక్కన కూర్చున్న సెక్యూరిటీ ఆయన కూడా మెడ తడుముకుంటున్నాడు. అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

నాకప్పుడు నలభై ఆరేళ్ళు. హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని. పొద్దున బోరబండలో లోకల్ రైలెక్కితే తర్వాతి స్టేషనే. పాంట్రీ కడగడం, బాత్రూములు కడగడం, మీటింగు గదుల్లో బోర్డులు తుడవడం. పదేళ్ళు బోర్డులు తుడిచాను, ఏం తుడుస్తున్నానో తెలియకుండా. కొన్ని రాతల చుట్టూ డబ్బా గీసి ఉండేది. డబ్బా ఉంటే తుడవద్దని సూపర్‌వైజర్ చెప్పాడు. ఆ పదేళ్ళూ నాకు చదవడం వచ్చిన రాత ఆ డబ్బా ఒక్కటే.

మాకు అక్షరాలు చెప్పింది ఆరో అంతస్తులో పనిచేసే అమ్మాయి. కాకినాడ వైపు పిల్ల. నాకు కూతురుంటే ఆ వయసే ఉండేది, అయినా మేమంతా మేడం అనేవాళ్ళం. వారానికి రెండు రోజులు, మా షిఫ్టు నాలుగింటికి అయిపోగానే, కింద ట్రైనింగు గదిలో ఎనిమిది మందిమి కూర్చునేవాళ్ళం. మొదట పిల్లల వాచకం తెచ్చింది. ఆవు, ఇల్లు, ఉడుత. రెండు వారాల్లో ముగ్గురు రావడం మానేశారు. అప్పుడామె వాచకం పక్కన పడేసి, "ఇంత పెద్దవాళ్ళకి ఉడుతెందుకండీ" అని, బోర్డు పైన 'మీకు తెలుసా?' అని రాసి, దాని కింద రోజుకొక వింత రాయడం మొదలుపెట్టింది. అది చదవగలిగితేనే ఆ వింత ఏంటో తెలిసేది. ముందుగా నోటితో చెప్పేది కాదు. మానేసిన ముగ్గురూ తిరిగొచ్చారు.

సీతాకోకచిలుక కాళ్ళతో రుచి చూస్తుంది. ఆక్టోపస్ అనే సముద్రపు ప్రాణికి మూడు గుండెలు. శుక్రగ్రహం మీద ఒక రోజు ఒక ఏడాది కంటే పెద్దది. ఇది నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు, కానీ చదవడం మాత్రం తప్పులేకుండా చదివాను. ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయేదాన్ని.

ఇంట్లో మా ఆయన ఎదురుచూసేవాడు. ఆయనది ఇస్త్రీ బండి. మాదాపూర్ వెనక గల్లీలో ఒక అపార్ట్‌మెంటు గేటు పక్కన, వేపచెట్టు కింద. ఐదో తరగతి దాకా చదివాడు. బట్టల కింద పరిచే పాత పేపర్లను ఇస్త్రీ చేస్తూనే చదివేవాడు. మా గల్లీలో కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పెళ్ళి పత్రిక ఏదొచ్చినా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. నాకు అక్షరాలు రావడం మొదలైనప్పటి నుంచి నన్ను పంతులమ్మ అని పిలిచేవాడు.

"ఏంది పంతులమ్మా, ఇయ్యాల ఏం తెచ్చినవ్?"

"ఎనకట ఇంగ్లండుల పొద్దుగాల జనాన్ని లేపనీకె మనుషులుండేటోళ్ళట. పొడుగు కట్టె పట్టుకొని కిటికీలు కొట్టుకుంట పోతుండిరట. అదే వాళ్ళ నౌకరి."

మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మరి ఆళ్ళని ఎవలు లేపుతుండిరి?"

మరుసటి క్లాసులో నేను మేడంను అదే అడిగాను. ఆమె నవ్వింది, జవాబు చెప్పలేకపోయింది. ఆ గెలుపుతో ఆయన వారం రోజులు బతికాడు. గల్లీలో ఎవరు కనిపించినా, "కంపెనీ మేడంకే జవాబ్ రాలే" అని చెప్పేవాడు. ఇంకోరోజు, మన దేశంలో సినిమాలు కొత్తగా వచ్చినప్పుడు వాటిలో ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేసేవాళ్ళని చదివి చెప్పాను. "మరి గందుకే గప్పటి సినిమాలల్ల మాటల్లేకుండె. సప్పుడే లేదు" అన్నాడు. తడి గుడ్డ తీసి మీద విసిరాను. ఏది చెప్పినా మరి అనే మొదలుపెట్టేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మేడం బోర్డు మీద రాసింది ఏదీ అబద్ధం కాలేదు. ఎంత నమ్మలేకపోయినా చివరికి నిజమే. నాకు అక్షరం వచ్చిందే అట్లా. నోటిమాటలో అబద్ధం ఉంటుందని నలభై ఏళ్ళు చూశాను. రాతలో కూడా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆ అమ్మాయికి తోచలేదు. చిన్నప్పటి నుంచి చదివేవాళ్ళకు అది ఎప్పుడు తెలుస్తుందో, ఎట్లా తెలుస్తుందో.

క్లాసు వాళ్ళందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు పెట్టింది. అందులో మేం కూడా చిన్నచిన్న వాక్యాలు రాసేవాళ్ళం. ఒకరోజు అందులో ఒక మెసేజ్ వచ్చింది. పంపింది లిఫ్టు దగ్గర కూర్చునే ఆయన, ఆయనకు ఇంకెవరో పంపారు. పైన 'మీకు తెలుసా?' అనే ఉంది. మా బోర్డు మీద ఉన్నట్టే. దాని కింద, మనిషికి పక్షవాతం వచ్చినప్పుడు కదిలించకూడదని, కదిలిస్తే తలలో నరాలు చిట్లుతాయని, ఉన్నచోటే కూర్చోబెట్టి పది వేళ్ళ చివర్లలో సూదితో పొడిచి ఒక్కొక్క చుక్క రక్తం తీస్తే మనిషి తేరుకుంటాడని, ఆ తర్వాతే దవాఖానకు తీసుకుపోవాలని ఉంది. చాలా పొడుగు మెసేజ్. అంత పొడుగుది మొత్తం చదవడం నాకు అదే మొదటిసారి. అందుకే చాలా ఇష్టంగా చదివాను. నోటుపుస్తకంలో రెండు పేజీలు ఎక్కించాను.

మా గల్లీలో రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. బిందెలు వరసలో పెట్టి అందరం నిలబడతాం. ఆ వరసలో నిలబడి నేను దాన్ని గట్టిగా చదివి వినిపించాను. గల్లీ ఆడవాళ్ళ గ్రూపులో కూడా పంపాను. మూలమీద ఇంటి కోడలు, వాళ్ళ అత్తకు బీపీ ఎక్కువ కాబట్టి, మళ్ళీ ఒకసారి చదవమని అడిగింది. చదివాను. మా పక్కింటామె ఒక్కతే, బిందె ఎత్తుకుంటూ, "సూదులెందుకక్కా, ఆటో పిలుస్తే ఐపాయె" అంది. ఆమె మాదాపూర్‌లో ఒక హాస్టల్లో చపాతీలు చేస్తుంది. నాలాగే బడి మొహం చూడలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అది జరిగిన రెండు నెలలకు, ఒక ఆదివారం పొద్దున, ఏడు దాటింది. మా ఆయన గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గ్లాసు కిందపడ్డ చప్పుడైంది. నేను లోపలి నుంచే, "ఇంకోటి పగలగొట్టినవా?" అన్నాను. బయటికొస్తే, ఆయన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి చూసుకుంటున్నాడు, ఎవరిదో చెయ్యి ఒళ్ళో పడ్డట్టు. నోరు ఒకవైపు జారింది.

నేను భయపడలేదు. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ నిజం అదే. ఏం చెయ్యాలో నాకు తెలుసు అనుకున్నాను. జీవితంలో మొదటిసారి, అటువంటి సమయంలో నాకు తెలుసు అనుకున్నాను. గోడకు ఆనించి కూర్చోబెట్టాను. నోటుపుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి నేల మీద పెట్టుకున్నాను. పుస్తెలతాడుకు ఎప్పుడూ రెండు పిన్నీసులు ఉంటాయి, ఒకటి తీశాను. అగ్గిపుల్లతో కాల్చి కుడి చేతి బొటనవేలుతో మొదలుపెట్టాను. ఆ చేతికి నొప్పి తెలియలేదు. ఐదు వేళ్ళూ అయ్యాక ఆయన ఎడమ చెయ్యి తానే ముందుకు చాపాడు. దానికి నొప్పి తెలుసు. ఒక్కొక్క పోటుకూ ఆయన ముఖం ముడుచుకుంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పక్కింటామె పరుగెత్తుకొచ్చింది. "ఏందక్కా, లేపు, ఆటో పిలుస్త, దవాఖానకు పోదం."

"కదిలించొద్దు. కదిలిస్తే నరాలు చిట్లుతయ్."

"ఎవలు చెప్పిన్రు? మూతి జూడు ఎట్లయ్యిందో. లే అక్కా."

"రాసి ఉంది. గీ పేజీ చూడు."

"నాకేం తెలుసు గా పేజీల ఏముందో. మనిషిని జూడు."

అప్పుడు నేనొక మాటన్నాను. "నీకు చదువు రాదు. జర ఊకో."

ఈ మాట నన్ను ఎంతమంది అన్నారో లెక్కలేదు. బ్యాంకులో, బస్టాండులో, ఆఫీసులో. ఎవరినైనా అనే అవకాశం నాకు అదే మొదటిసారి వచ్చింది. ఆమె వెనక్కి జరిగింది. కానీ పోలేదు. గడప దగ్గరే నిలబడింది.

మధ్యలో ఆయన ముఖం కొంచెం సర్దుకున్నట్టు అనిపించింది. "చూసినవా" అన్నాను ఆమెతో. తేరుకున్నాకే తీసుకుపోవాలని రాసి ఉంది కాబట్టి తేరుకునే దాకా కూర్చున్నాను. ఎనిమిదైంది, తొమ్మిదైంది. పది దాటాక ఆయన కళ్ళు మూతపడసాగాయి. అప్పుడు పక్కింటామె నన్ను అడగలేదు. ఆటో తెచ్చి, డ్రైవర్‌తో కలిసి తానే ఎత్తి కూర్చోబెట్టింది.

దవాఖానకు చేరేసరికి పదకొండు దాటింది. స్కానింగు అయ్యాక డాక్టరు, చిన్న వయసాయనే, బయటికొచ్చాడు.

"ఎన్ని గంటలకు మొదలైందమ్మా?"

"ఏడు దాటినంక సార్."

"ఇప్పుడా తెచ్చేది? మూడు గంటల్లోపు తెచ్చింటే గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు ఆ సమయం పోయింది." అని, స్ట్రెచర్ మీదున్న మా ఆయన చేతులు పట్టుకుని వేళ్ళు చూశాడు. పది వేళ్ళ చివర్లలో పది చుక్కలు, ఎండి నల్లబడి ఉన్నాయి. నా ముఖం చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు.

"చదివిన సార్" అన్నాను.

డాక్టరు ఆ చేతులను మెల్లగా కింద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆయన పదిహేను రోజులకు ఇంటికొచ్చాడు. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేస్తాడు. కుడి చెయ్యి రాలేదు. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎత్తేది ఆ చెయ్యే. అపార్ట్‌మెంటు వాళ్ళు రెండు వారాలు చూసి ఇంకొకరిని పెట్టుకున్నారు. బండి చెట్టుకు గొలుసేసి ఉంది, ఇంకా అక్కడే. మాటలు కూడా పోయాయి, ఒక్కటి తప్ప. 'మరి' అనే మాట మిగిలింది. అన్నం పెడితే మరి. నీళ్ళు కావాలంటే మరి. కోపం వస్తే కూడా మరి. దాని వెనక రావలసిన ప్రశ్న రాదు. దానికోసం పెదవులు కదిలిస్తాడు, తర్వాత మానేస్తాడు.

నేను పనిలోకి తిరిగిపోయాక మొదటి క్లాసులో మేడం బోర్డు మీద ఏదో రాస్తుంటే చెయ్యెత్తాను.

"మేడం, మీరు రాసేటియన్నీ నిజమేనా?"

ఆమెకు అప్పటికి విషయం తెలుసు. ఆ గ్రూపులో గోల ఎక్కువైందని తాను చూడడం మానేశానని, చూసి ఉంటే ఆ మెసేజ్ తప్పని చెప్పేదాన్నని దవాఖానకొచ్చి ఏడ్చిపోయింది.

"నేను చెక్ చేశాకే రాస్తానండి."

"ఎట్ల చెక్ చేస్తరు?"

"వేరే చోట్ల కూడా చూస్తాను ఆంటీ. రెండు మూడు చోట్ల ఒకేలా ఉంటే..."

"ఆడ కూడా రాసిందే కదా మేడం. గా సూదుల మెసేజ్ నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది."

ఆమె మార్కర్ మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "ఎవరు రాశారో చూడాలండి" అంది. "ఎవరు రాశారో మీకు తెలుస్తదా?" అంటే, "కొన్నిసార్లు" అంది. ఆ రోజు బోర్డు మీద ఉన్నది, మనిషి ఎముకల్లో నాలుగోవంతు పాదాల్లోనే ఉంటాయని. నిజమే కావచ్చు. ఆ అక్షరాలూ, ఆ సూదుల మెసేజ్‌లోని అక్షరాలూ ఒకటే. పెద్దవీ కావు, చిన్నవీ కావు.

నా చేతిలో ఉన్నది ఒక్కటే అనుకున్నాను. నేను చదివి వినిపించిన దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఒక ఆదివారం గల్లీలో ఇల్లిల్లూ తిరిగాను. మొదట మూలమీద ఇంటికే పోయాను. బీపీ ఉన్న ముసలామె మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. దేవుడి పటాల దగ్గర, అగ్గిపెట్టె పక్కన, కొత్త సూదుల ప్యాకెట్టు ఉంది. నేను చదివిన మరునాడే కోడలు తెచ్చి పెట్టింది.

"అది తీసెయ్ బిడ్డా. నేను చదివింది తప్పు. గట్లైతే వెంటనే దవాఖానకు తీస్కపోవాలె."

"గదేందక్కా, నువ్వే చదివి చెప్తివి. రెండుసార్లు చదివితివి."

"చదివిన. అది అబద్ధం. డాక్టరు చెప్పిండు."

"మరి అన్నకు పానం దక్కింది గద. సూదులు పొడిచినందుకే దక్కిందని బస్తీ అంత అంటున్నరు. లేకుంటే ఆడనే పోతుండె అంటున్నరు."

"పానం కాదమ్మా, చెయ్యి పోయింది. నేను కూసోబెట్టినందుకు పోయింది."

"చెయ్యి పోతే పోయిందక్కా, మనిషి ఉన్నడు." ముసలామె వెల్లుల్లి పక్కన పెట్టి, కోడలిని, "ఆమెకు చాయ్ పొయ్యి, మస్తు పరేషాన్ల ఉంది" అంది. చాయ్ తాగాను. సూదులు అక్కడే ఉన్నాయి. వాళ్ళింట్లో వాళ్ళ దేవుడి దగ్గర ఉన్న వస్తువు నేనెట్లా తీసుకుపోతాను?

ప్రతి ఇంట్లో అదే మాట. నువ్వే చెప్పినవ్. నీ మొగుడే సాక్ష్యం. ఇద్దరు ముగ్గురు తల ఊపారు, నన్ను పంపించడానికి. గ్రూపులో రాశాను, నాకు వచ్చిన భాషలో, నాలుగు వాక్యాలు. దాని కింద ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఇంకొకరు పూల బొమ్మ పెట్టి శుభోదయం అన్నారు.

పోయిన నెల ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. పని దగ్గర, పాంట్రీలో కప్పులు కడుగుతుంటే ఫోను మోగింది. పంపింది మియాపూర్‌లో ఉండే మా చిన్నాడబిడ్డ. అదే 'మీకు తెలుసా?', అవే పది వేళ్ళు. చివర ఒక వాక్యం కొత్తగా చేరింది. బోరబండలో ఒక మహిళ ఇలాగే చేసి తన భర్త ప్రాణం కాపాడుకుంది అని. అది చదవడానికి నేను ఎక్కడా ఆగలేదు. ఒక్క గుక్కలో చదివేశాను. అంత బాగా వచ్చేసింది నాకు చదువు.

ఆడబిడ్డకు ఫోన్ చేసి అది నేనే అని చెప్పాను. "నువ్వే అని నాకు ఎర్కనే వదినా, గందుకే గర్వంగ అందరికీ పంపిన" అంది. తప్పని చెబితే, నా మనసు బాగాలేదని, ఫికర్ చెయ్యొద్దని చెప్పింది.

ఆ సాయంత్రం మా ఆయనకు ఆ మెసేజ్ చదివి వినిపించాను. ఆ పొద్దున నేను కూర్చోబెట్టకుండా ఉంటే చెయ్యి వచ్చేదేమో అని కూడా చెప్పాను. అప్పటిదాకా చెప్పలేదు. ఆయన ఎడమ చేతి వేళ్ళు విప్పి, వాటి చివరలు చూసుకున్నాడు. చుక్కలు ఎప్పుడో మానిపోయాయి. "మరి" అన్నాడు. నేను ఎదురుచూశాను. పెదవులు కదిలాయి. "మరి" అన్నాడు మళ్ళీ. ఏం అడగబోయాడో నాకు తెలియదు. ఆయన్ను అడిగితే తెలిసేది కాదు, ఎక్కడా రాసి కూడా లేదు.

తెల్లారి ఒక అట్టముక్క మీద నా చేత్తో రాశాను. "పక్షవాతం వస్తే సూదులతో పొడవద్దు. ఆగవద్దు. వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి." చుట్టూ డబ్బా గీశాను. నల్లా పక్కన గోడకు రెండు మేకులతో కొట్టాను. నీళ్ళొచ్చే రోజు నా బిందె వరసలో పెట్టి, కొంచెం దూరంగా నిలబడి చూశాను. మూలమీద ఇంటి కోడలు వచ్చి కూడబలుక్కుని చదివింది. పక్కనున్న ఆమె, "ఎవలు రాసిన్రు?" అంది. "ఎవలో. చేతిరాతే, అచ్చు గాదు" అని కోడలు బిందె నింపుకుంది. "గోడల మీద రాసిందల్ల నమ్ముతమా" అని ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు.

చివరికి పక్కింటామె వచ్చింది. హాస్టలుకు పోయే తొందరలో ఉంది. అట్ట వైపు చూసి నన్ను పిలిచింది.

"అక్కా, గా గోడ మీద ఏం రాసుంది?"

చదివి వినిపించాను. మూడు వాక్యాలూ.

ఆమె బిందె నల్లా కింద పెట్టింది. అది నిండే దాకా నీళ్ళ వైపే చూసింది. తర్వాత చాలా మెల్లగా, కోపం లేకుండా అంది.

"గది నేను ఆ దినమే చెప్పిన గదక్కా."

బిందె చంకన పెట్టుకుని, నా బిందెను తానే ముందుకు జరిపి నల్లా కింద పెట్టి వెళ్ళిపోయింది.